ఫలక్‌నుమా... ఎన్ని చేతులు మారిందో!

నల్గొండ వాళ్లకు ఫలక్‌నుమా అంటే రైలు. సికింద్రాబాద్‌లో బయల్దేరి నల్గొండ, మిర్యాలగూడ, గుంటూరు మీదుగా హౌరా పోయే బండి. మహబూబ్‌నగర్ వాళ్లకు ఫలక్‌నుమా అంటే స్టేషన్. జడ్చర్ల, షాద్‌నగర్, ఉందానగర్ దాటాక వస్తుంది. కాచిగూడ దగ్గరపడిందని పైన పెట్టిన సంచులు కిందికి దించుకునే చోటు. తమాషా ఏంటంటే, ఆ పేరున్న రైలు ఆ స్టేషన్ ముఖం కూడా చూడదు. రెండింటికీ పేరు అప్పిచ్చిన మేడ మాత్రం చార్మినార్‌కు అయిదు కిలోమీటర్ల దూరంలో, పాతబస్తీ గుట్ట మీద నూట ముప్ఫై ఏళ్లుగా కూర్చుని ఉంది.

పేరు అప్పివ్వడం దానికి కొత్త కాదు. ఆ మేడ పుట్టిందే అప్పుల్లో!

ఇప్పుడది అయిదు నక్షత్రాల హోటలు. గేటు దగ్గర కారు దిగితే గుర్రపుబగ్గీలో పైకి తీసుకెళ్తారు. ఒక్క రాత్రి గది అద్దె మన ఊళ్లో గుమాస్తా నెల జీతాన్ని దాటిపోతుంది. సినిమా వాళ్ల పెళ్లిళ్లు, దేశాధినేతల విందులు జరిగే చోటు. 2017 నవంబరులో ప్రధాని నరేంద్ర మోదీ ఇవాంకా ట్రంప్‌కు విందు ఇచ్చింది అక్కడే. ఆ రాత్రి టీవీల్లో ఆ భోజనాల బల్ల చూసి ముక్కున వేలేసుకున్న వాళ్లు ఎందరో. కానీ దాన్ని కట్టినాయన ఆ బల్ల దగ్గర కూర్చుని కడుపునిండా తిన్న రోజులు ఎక్కువ లేవు.

బావగారి మోజు

ఆయన పేరు నవాబ్ వికార్ ఉల్ ఉమ్రా. పాయిగా వంశస్థుడు. హైదరాబాద్ రాజ్యంలో నిజాం తర్వాత అంతటి వాళ్లు పాయిగాలే. సొంత సైన్యం, సొంత జాగీర్లు, నిజాం ఇంటితో వియ్యాలు. వికార్ ఉల్ ఉమ్రా కూడా ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ సోదరిని చేసుకున్నాడు. అంటే నిజాంకు బావగారు. తర్వాత రాజ్యానికి ప్రధానమంత్రి కూడా అయ్యాడు. వికారాబాద్‌కు ఆ పేరు వచ్చింది ఈయన వల్లే. ఇక మహబూబ్ అలీఖాన్ పేరు ఎక్కడుందో పాలమూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. 1890 డిసెంబరులో పాలమూరు కాస్తా మహబూబ్‌నగర్ అయింది. బావ పేరిట ఒక ఊరు, బావమరిది పేరిట ఒక ఊరు. ఇద్దరి మధ్యా చేతులు మారిన మేడ ఒకటి.

1884 మార్చి 3న గుట్ట మీద పునాదిరాయి పడింది. ఫలక్‌నుమా అంటే ఆకాశానికి అద్దం లాంటిదని అర్థం చెబుతారు. నక్షా గీసింది విలియం వార్డ్ మారెట్ అనే ఇంగ్లిష్ వాస్తుశిల్పి. చలువరాయి ఇటలీ నుంచి వచ్చింది. పైనుంచి చూస్తే మేడ తేలు ఆకారంలో ఉంటుంది. రెండు రెక్కలు ఉత్తరం వైపు కొండీల్లా చాచుకుని ఉంటాయి. పని ఏడాదిలో అయ్యేదా? రెండేళ్లలో అయ్యేదా? దాదాపు పదేళ్లు సాగింది.

లోపల గ్రంథాలయం పైకప్పు ఇంగ్లండ్ విండ్సర్ కోటలో ఉన్నదాని నమూనా. మెట్ల వరుస చలువరాతిది. గోడల మీద గవర్నర్ జనరళ్ల చిత్రపటాలు. భోజనశాలలో బల్ల ఒక్కటే, దాని చుట్టూ నూటొక్క కుర్చీలు. ఈ కొసన కూర్చున్నవాళ్లు మెల్లగా మాట్లాడినా ఆ కొసన వినబడుతుందంటారు. (ఇంట్లో నలుగురు కూర్చునే బల్ల దగ్గరే ఒకరి మాట ఒకరికి వినబడదు మనకు!) బిలియర్డ్స్ బల్ల లండన్ నుంచి వచ్చింది. దాని జోడీ బకింగ్‌హాం ప్యాలెస్‌లో ఉందని హోటలు వాళ్లు ముచ్చటగా చెబుతారు.

వీటన్నింటికంటే చెప్పుకోవాల్సింది ఇంకోటుంది. కట్టించినాయన తన పేరులోని 'వీ', 'ఓ' అనే రెండు ఇంగ్లిష్ అక్షరాల్ని ఒకదాంట్లో ఒకటి పెనవేసి ముద్రగా చేయించాడు. ఆ ముద్రను కుర్చీల మీద, గోడల మీద, పైకప్పుల మీద చెక్కించాడు. ఇది నాది, నా తర్వాత నా పిల్లలది అని చెప్పుకోవడానికే కదా అలాంటివి వేయించుకునేది. ఆ ముద్రలు ఇప్పటికీ ఉన్నాయి. మేడ మాత్రం పూర్తయిన నాలుగైదేళ్లకే ఆయనది కాకుండా పోయింది.

లెక్క తేలేసరికి ఖర్చు నలభై లక్షలకు చేరిందంటారు. పందొమ్మిదో శతాబ్దపు నలభై లక్షలు! సొంత జాగీర్ల మీద వచ్చే రాబడి చాల్లేదు. అప్పులు చేశాడు. ఇల్లు కట్టి చూడు అన్న సామెత ప్రధానమంత్రికీ తప్పలేదు.

ఆ తర్వాత జరిగింది హైదరాబాద్‌లో ఇప్పటికీ కథలా చెప్పుకుంటారు. ఉపాయం చెప్పింది ఆయన భార్యేనట. నిజాంను మేడకు అతిథిగా పిలిచారు. 1897 ప్రాంతంలో మహబూబ్ అలీఖాన్ వచ్చాడు. ఒక రోజు ఉండిపోదామని వచ్చినాయన వారం ఉన్నాడు. వారం కాస్తా నెలలైంది. ఎక్కడ చూసినా బాగుంది, కొండ మీద గాలి బాగుంది, కింద ఊరు కనబడుతోంది. వెళ్లే మాటెత్తడే! బావగారు విషయం గ్రహించాడు. ఈ మేడ తమకు నజరానా అని విన్నవించాడు. నిజాం ఊరికే పుచ్చుకోకుండా సొమ్ము ఇచ్చాడు. అటు గౌరవం దక్కింది, ఇటు అప్పు తీరింది. అమ్మిన మాట ఎవరూ అనలేదు, కొన్న మాట ఎవరూ అనలేదు. మర్యాదగా అమ్ముకోవడమంటే అదేనేమో!

వికార్ ఉల్ ఉమ్రా 1902లో కన్నుమూశాడు.

ఆ తాజ్ కథ వేరు

ఇక్కడ కాస్త ఆగి సముద్రాలు దాటాలి. ఎందుకంటే సరిగ్గా ఇలాంటి మోజే, ఇలాంటి అప్పే, నూరేళ్ల తర్వాత అమెరికాలో ఒకాయన్ను పట్టుకుంది. పైగా ఆయన తన మేడకు పెట్టుకున్న పేరు మనదే... తాజ్‌మహల్!

న్యూజెర్సీ రాష్ట్రంలో, సముద్రపు ఒడ్డున అట్లాంటిక్ సిటీ అనే ఊరుంది. జూదానికి పెట్టింది పేరు. న్యూజెర్సీలో స్థిరపడ్డ మన తెలుగువాళ్లు ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ఓసారి సముద్రం చూపించడానికి తీసుకెళ్లే చోటు కూడా. అక్కడ సగం కట్టి ఉన్న కేసినో హోటల్‌ను డోనాల్డ్ ట్రంప్ చేజిక్కించుకున్నాడు. అప్పటికాయన రాజకీయ నాయకుడు కాదు, భవనాల వ్యాపారి. 67.5 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మాడు. వాటి మీద వడ్డీ నూటికి 14! మన పల్లెల్లో 'నూటికి రూపాయి పావలా' వడ్డీ అంటారే, కాస్త అటూ ఇటూగా అంత. 1990 ఏప్రిల్ 2న ట్రంప్ తాజ్‌మహల్ తెరుచుకుంది. మొత్తం ఖర్చు 120 కోట్ల డాలర్ల దాకా అయిందని లెక్క. గుమ్మటాలు, మినార్లు, బయట రాతి ఏనుగులు. ప్రపంచంలో ఎనిమిదో వింత అని ప్రచారం చేశారు.

ఎనిమిదో వింత పదిహేను నెలలు తిరిగేసరికి 1991లో దివాలా కోర్టు మెట్లెక్కింది. సగం వాటా బాండ్లు కొన్నవాళ్ల చేతికి పోయింది. తర్వాత మళ్లీ దివాలా, మళ్లీ బేరం. ట్రంప్ పేరు గోడ మీద ఉండేది కానీ పెత్తనం లేదు. చివరికి కార్ల్ ఐకాన్ అనే పెట్టుబడిదారు చేతికి వచ్చింది. 2016 జులై 1న వంటవాళ్లు, గదులు ఊడ్చేవాళ్లు, వడ్డించేవాళ్లు వెయ్యిమంది దాకా సమ్మెకు దిగారు. వాళ్లు అడిగింది ఆరోగ్య బీమా, పింఛను. బేరం కుదరలేదు. అక్టోబరు 10న హోటలు మూతపడింది. దాదాపు మూడు వేల మంది ఉద్యోగాలు పోయాయి. సరిగ్గా నెల తిరగకుండా, గోడ మీద పేరున్నాయన దేశాధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు!

2017లో దాన్ని హార్డ్ రాక్ కంపెనీ కొంది. ఆ కంపెనీ ఎవరిదో తెలుసా? ఫ్లోరిడాలోని సెమినోల్ అనే ఆదివాసీ తెగది. అమెరికా నేల అసలు హక్కుదారులు వాళ్లే కదా. కొన్న ధర అయిదు కోట్ల డాలర్లు. కట్టడానికి వంద ఖర్చయితే అమ్ముడైంది నాలుగుకన్నమాట. గోడ మీద పేరు పీకేశారు. లోపలి సామాను, అంటే మంచాలు, టీవీలు, దీపాల గుత్తులు, అన్నీ వచ్చినకాడికి అమ్మేశారు. మినార్లు పోయాయి, ఏనుగులు పోయాయి. మిగిలిన అస్థిపంజరానికి కొత్త చర్మం కప్పి, గోడల నిండా గిటార్లు పెట్టి, 2018 జూన్ 28న మళ్లీ తెరిచారు. పాత గుర్తు ఒక్కటి కూడా లేకుండా చూసుకున్నారు.

అట్లాంటిక్ సిటీలో కనీసం గోడలు మిగిల్చారు. లాస్ వేగాస్‌లో అదీ లేదు. 1957 నాటి ట్రాపికానా హోటల్‌ను 2024 అక్టోబరు 9న అర్ధరాత్రి దాటాక మందుగుండు పెట్టి కూల్చారు. బాణసంచా కాల్చి, జనం చూస్తుండగా! అక్కడిప్పుడు బేస్‌బాల్ స్టేడియం కడుతున్నారు. కేసినో ఊళ్లలో యజమాని మారితే ముందు చేసే పని పాత యజమాని ఆనవాలు చెరపడం. పాతదనం అక్కడ సరుకు కాదు.

మన దగ్గర హోటల్లో కేసినో నడపడానికి వీల్లేదు. 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2017లో దాన్ని ఆన్‌లైన్ ఆటలకు కూడా వర్తించేలా సవరించింది. కేసినో మోజున్నవాళ్లు గోవాకో, దేశం దాటో పోవాల్సిందే. అంటే పెద్ద మేడను పోషించడానికి జూదం రాబడి అనే దగ్గరి దారి ఇక్కడ లేదు. మరి ఫలక్‌నుమా ఎలా బతికింది?

రాజు ఉన్నన్నాళ్లూ

ఆరో నిజాం ఖర్చుకు వెనకాడే మనిషి కాదు. తొడిగిన బట్ట మళ్లీ తొడగడని పేరు. పురానీ హవేలీలో ఆయన బట్టల కోసం కట్టిన చెక్క బీరువాల వరుసను ఇప్పటికీ చూడొచ్చు. జాకబ్ వజ్రం తెప్పించింది ఆయనే. ఆ తర్వాత గద్దెనెక్కిన కొడుకు దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టుకున్నాడు. అది వేరే సంగతి! పాము కరిస్తే మహబూబ్ పాషా పేరు తలుచుకుంటే విషం దిగుతుందని నమ్మిన తరం మన తాతల తరం. 1908లో మూసీ పొంగి ఊరు ఊరంతా కొట్టుకుపోతే దేవిడీల తలుపులు తెరిపించాడని చెప్పుకుంటారు. మంచీ చెడూ రెండూ పెద్ద ఎత్తునే.

ఆయన చేతిలో ఫలక్‌నుమా విడిది అయింది. అసలు దాని అదృష్టమంతా ఇక్కడే ఉంది. సొంత కాపురానికైతే ఏ నవాబుకైనా అది మోయలేని బరువు. అతిథుల మేడగా మాత్రం అచ్చంగా సరిపోయింది. 1906లో అప్పటి వేల్స్ యువరాజు, తర్వాత అయిదో జార్జి చక్రవర్తి అయినాయన, భార్యతో సహా వచ్చి దిగాడు. 1922లో ఆయన కొడుకు వచ్చాడు. వైస్రాయిలు సరేసరి. వచ్చినవాళ్లు మెట్లెక్కుతూ గోడ మీద తమ తాతముత్తాతల ఉద్యోగుల పటాలు చూసి మురిసిపోయేవాళ్లు. కుర్చీ మీద ఉన్న 'వీ.ఓ.' ఎవరని వాళ్లలో ఎంతమంది అడిగారో! నిజాం ఆ ముద్రల్ని తీయించి తన ముద్ర కొట్టించుకోవచ్చు. అడిగేవాడెవడు? తీయించలేదు.

1911 ఆగస్టులో మహబూబ్ అలీఖాన్ ఆ మేడలోనే కన్నుమూశాడు. నలభై అయిదేళ్ల వయసు.

కొడుకు మీర్ ఉస్మాన్ అలీఖాన్ తత్వం వేరు. ప్రపంచంలోకెల్లా ధనికుడని పేరు, ఇంట్లో చూస్తే పొదుపు. కింగ్ కోఠీ వదిలి కదిలేవాడు కాదు. ఫలక్‌నుమా అతిథుల కోసమే మిగిలింది. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసింది. రాజ్యం పోయాక రాజుగారి అతిథులెవరుంటారు? 1951లో తొలి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ అక్కడ బస చేశారు. చెప్పుకోదగ్గ అతిథుల్లో ఆయనే చివరివారు. ఆ తర్వాత తలుపులు మూసుకున్నాయి.

మేడకు అసలు కష్టకాలం అప్పుడు మొదలైంది. విచిత్రం చూడండి. అప్పులు ముంచినప్పుడు దానికేం కాలేదు. చేతులు మారినప్పుడూ ఏం కాలేదు. యజమాని ఉండి, పని లేకుండా పోయినప్పుడే దుమ్ము పట్టింది.

తాళాలు తీసిన చేయి

1967 ఫిబ్రవరిలో ఏడో నిజాం పోయాడు. వారసుడిగా వచ్చింది కొడుకు కాదు, మనవడు ముకరం జా. ఫ్రాన్స్‌లో పుట్టాడు, ఇంగ్లండ్‌లో చదివాడు. తల్లి దుర్రు షెహవార్ టర్కీ చివరి ఖలీఫా కూతురు. ఆయన చేతికి వచ్చినవి మేడలు, నగలు, వేలమంది నౌకర్లు, వాటితోపాటు పన్నుల నోటీసులు, దాయాదుల దావాలు. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. ఆయనకు విసుగెత్తిపోయింది. పశ్చిమ ఆస్ట్రేలియా వెళ్లి గొర్రెల ఫారం కొన్నాడు. లక్షల ఎకరాల బీడు. హైదరాబాద్‌లో మేడలు బూజుపట్టి పోతుంటే, ఆ మేడల యజమాని ఎర్రమట్టిలో బుల్డోజర్ తోలుకునేవాడు. ఆ గొర్రెల ఫారమూ చివరికి నిలవలేదు.

అప్పుడు వచ్చింది ఎస్రా. ముకరం జా మొదటి భార్య, టర్కీ ఆడపడుచు. 1959లో పెళ్లయింది, 1974లో విడాకులయ్యాయి. అలాంటి మనిషి రెండు దశాబ్దాల తర్వాత మాజీ భర్త ఆస్తుల చిక్కుముళ్లు విప్పడానికి హైదరాబాద్ వచ్చింది. విడిపోయిన ఇంటి బాధ్యత మళ్లీ నెత్తికెత్తుకోవడం మామూలు విషయం కాదు. మన ఇళ్లల్లో ఒకసారి ఊహించుకుంటే తెలుస్తుంది! దావాల్లో రాజీలు కుదిరాయి. చౌమహల్లా బాగుపడి 2005లో జనానికి తెరుచుకుంది. 2010లో దానికి యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది. అది మ్యూజియం. టికెట్టు కొని ఎవరైనా వెళ్లొచ్చు.

ఫలక్‌నుమా దారి వేరుగా నిర్ణయమైంది. అమ్మలేదు. తాజ్ హోటళ్ల సంస్థకు లీజుకిచ్చారు. ఇటు తాజ్, అటు అట్లాంటిక్ సిటీలో తాజ్! పేరు ఒకటే, తీరు వేరు. 2000లో మొదలైన పని పదేళ్లు పట్టింది. అంటే కట్టడానికి ఎంత పట్టిందో బాగుచేయడానికీ అంతే. కొత్త హోటలు ఈ రోజుల్లో రెండు మూడేళ్లలో లేచి నిలబడుతుంది. ఇక్కడ గోడల మీద పాత రంగు ఏదో తెలుసుకుని మళ్లీ అదే వేయాలి. దీపాల గుత్తుల్ని విడదీసి, ఒక్కో గాజుముక్క కడిగి, మళ్లీ బిగించాలి. చిరిగిన తివాచీ, పగిలిన రంగుటద్దం, చిల్లులు పడ్డ తోలు కుర్చీ... దేన్నీ పారేసి కొత్తది తెచ్చే వీల్లేదు. తెస్తే అది ఫలక్‌నుమా కాదు. ఎస్రా పక్కనే ఉండి చూసుకుంది.

2010 నవంబరులో అరవై గదులతో హోటలు తెరుచుకుంది. నూటొక్క కుర్చీల బల్ల మీద మళ్లీ వెండి కంచాలు పడ్డాయి. కుర్చీల మీద 'వీ.ఓ.' అలాగే ఉంది. హోటలు వాళ్లు దాన్ని దాచలేదు సరికదా, అతిథులకు చూపించి కథ చెబుతారు. అట్లాంటిక్ సిటీలో అమ్ముడుపోవడానికి అడ్డమైన పాత పేరు ఇక్కడ గదుల అద్దె పెంచింది!

ఇందులో నచ్చనిది లేదని కాదు. పాతబస్తీ ఇరుకు సందుల్లో పుట్టి పెరిగిన పిల్లలకు తలెత్తితే కనిపించే ఆ మేడ లోపలికి పోయే యోగం ఎందరికుంది? చౌమహల్లాలో బడిపిల్లలు వరుస కట్టి తిరుగుతారు. ఫలక్‌నుమా గేటు దాటాలంటే ముందు పర్సు చూసుకోవాలి. అయితే ఆ మాట అనేముందు నగరం నడిబొడ్డున ఉన్న ఇంకో మేడను చూడాలి.

నౌబత్ పహాడ్ వాలులో హిల్‌ఫోర్ట్ ప్యాలెస్ ఉంది. 1915లో హైకోర్టు న్యాయమూర్తి సర్ నిజామత్ జంగ్ కట్టుకున్నాడు. కేంబ్రిడ్జ్‌లో తాను చదివిన ట్రినిటీ కాలేజీని మనసులో పెట్టుకుని కట్టాడంటారు. తర్వాత అది నిజాం ప్రభుత్వానికి, అక్కణ్నుంచి ఏడో నిజాం రెండో కొడుకు మొజంజాహీ నివాసంగా చేతులు మారింది. 1950ల్లో రిట్జ్ హోటల్ అయింది. హైదరాబాద్‌లో పెద్ద హోటలంటే రిట్జే అన్న రోజులు నడిచాయి. 1990ల్లో మూతపడింది. హోటలు పోయింది, మేడ పర్యాటక శాఖ చేతిలో ఉండిపోయింది. పైకప్పులు కారాయి, గోడల మీద చెట్లు మొలిచాయి. దాన్ని కాపాడమంటూ వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లింది. ఫలక్‌నుమాలాగే ఇదీ చేతులు మారింది, ఇదీ హోటలైంది. తేడా వచ్చింది హోటలు మూతపడ్డ తర్వాత తాళంచెవి పట్టుకున్న చేతి దగ్గర.

మరి మన పాలమూరు మేడల సంగతి? అక్కడ ఏ తాజ్ సంస్థా రాలేదు. వనపర్తి సంస్థానాధీశుల రాజప్రాసాదంలో 1959లో పాలిటెక్నిక్ పెట్టారు. రాజు కృష్ణదేవరావు పేరు మీద నడిచిన ఆ కాలేజీలో చదివినవాళ్లు రాష్ట్రమంతా ఇంజనీరింగ్ శాఖల్లో ఉద్యోగాలు చేశారు. దర్బారు నడిచిన ఆవరణలో డ్రాయింగు బోర్డులు వేసుకుని గీతలు నేర్చుకున్నారు. గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరిట డిగ్రీ కాలేజీ వచ్చింది. సోమనాద్రి కట్టించిన బురుజుల మధ్య నుంచి పిల్లలు సైకిళ్ల మీద క్లాసులకు పోయారు. చలువరాతి మెట్లు, వెండి కంచాలు అక్కడ లేవు. గోడలకు సున్నం వేయించే బడ్జెట్టు కూడా ఏళ్ల తరబడి వచ్చి ఉండదు. అయినా రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు వచ్చి తలుపు తీశారు, సాయంత్రం చీపురు పట్టారు. రాజుల పేర్లు గేటు మీద అలాగే ఉన్నాయి.

ముకరం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూశాడు. భౌతికకాయాన్ని హైదరాబాద్ తెచ్చారు. చౌమహల్లాలో జనం చూసేందుకు ఉంచి, తర్వాత మక్కా మసీదు ఆవరణలో పూర్వీకుల సరసన ఖననం చేశారు. రాజ్యం ఎన్నడూ చూడని రాజును చూడ్డానికి పాతబస్తీ కదిలొచ్చింది. ఆ రోజు కూడా మహబూబ్‌నగర్ నుంచి వచ్చే బండ్లు ఫలక్‌నుమా స్టేషన్‌లో ఎప్పటిలాగే ఆగాయి. పైన పెట్టిన సంచులు దిగాయి. గుట్ట మీద మేడలో అతిథుల కోసం బగ్గీ సిద్ధంగా ఉంది.